చెషైర్ అనే మనిషి

కోయంబత్తూరులో చెషైర్ హోమ్ ఉందని మా తరంవాళ్ళకు తెలుసు. వికలాంగులను చేర్చుకొని చూసుకొనే ఇల్లు. చిన్నప్పుడు ఆ పేరు విని, ఎవరో దొరసాని డబ్బిచ్చి కట్టించిందేమో అనుకొనేవాణ్ణి. అది ఒక బాంబరు పైలట్ పేరని తెలిసింది చాలా ఏళ్ళ తరువాత.

మా కారమడై పెద్దలకు యుద్ధమంటే ఆకాశంలో వినబడిన మోతే. 1942లో బ్రిటిషు నౌకాదళం కోయంబత్తూరులో విమానాలు బాగుచేసే యార్డు పెట్టి, దానికి గరుడ అని పేరు పెట్టింది. రంగనాథస్వామి వాహనం పేరు దొరలకెవరు చెప్పారో అని మా తాత నవ్వేవాడు.

లెనార్డ్ చెషైర్ 1917లో పుట్టాడు. తండ్రి ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్రం చెప్పేవాడు. కొడుకూ అదే చదివి, 1939లో వాయుసేనలో చేరాడు. 1940 నవంబరులో కొలోన్ మీదికి పోయినప్పుడు గుండు తగిలి విమానం పక్క చీలిపోయింది, లోపల మంటలు. అయినా దాన్ని ఇల్లు చేర్చాడు. ఇరవై అయిదేళ్ళకే గ్రూప్ కెప్టెన్ అయ్యాడు. 617వ స్క్వాడ్రన్ నడపడానికి, ఒక మెట్టు కిందికి దిగడానికీ ఒప్పుకొన్నాడు.

నన్ను పట్టుకొన్నది 1944 ఫిబ్రవరి 8 రాత్రి సంగతి. ఫ్రాన్సులోని లిమోజ్ ఊళ్ళో విమాన ఇంజన్ల ఫ్యాక్టరీని కొట్టాలి. రాత్రి షిఫ్టులో వందలమంది ఆడవాళ్ళు, ఫ్రెంచివాళ్ళే. చెషైర్ తన లాంకాస్టరును కప్పులను తాకుతుందేమో అన్నంత కిందికి దించి, మాటిమాటికీ ఫ్యాక్టరీ మీదుగా తిప్పాడు. వాళ్ళు బయటికి పరుగెత్తాకనే గుర్తు బాంబులు వేశాడు. మిల్లు కూలి తిని పెరిగిన ఇంటివాణ్ణి నేను. ఆ షెడ్లు, ఆ ఆడవాళ్ళు నాకు పరాయివాళ్ళు కారు.

అయితే అదే మనిషి జర్మనీ ఊళ్ళమీద బాంబులు వేసినప్పుడు కింద ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకు ఏ హెచ్చరికా లేదు. నూరు దాడులు చేసినందుకు విక్టోరియా క్రాస్ ఇచ్చారు. 1945 ఆగస్టు 9న నాగసాకి మీది అణుబాంబును చూడడానికి బ్రిటన్ పంపిన ఇద్దరిలో ఆయనొకడు. ఆ బాంబు తప్పని ఆయన ఎప్పుడూ అనలేదు. యుద్ధాన్ని ఆపిందనే అన్నాడు. దీన్ని నేను మింగలేను, దాచనూలేను.

1946లో ఉద్యోగం వదిలాడు. పాత సైనికులతో కలిసి బతికే కాలనీ ఒకటి పెడితే, అప్పుల్లో మునిగింది. మిగిలింది లె కోర్ట్ అనే ఖాళీ బంగళా. 1948లో, ఆ కాలనీలో ఉండిపోయిన ఆర్థర్ డైక్స్‌కు క్యాన్సరు ముదిరింది. ఆస్పత్రి ఉంచుకోలేనంది. బండి నిలుపుకొనేందుకు కాస్త చోటిమ్మని అడిగాడు డైక్స్. చోటెందుకు, ఇంటికే రమ్మన్నాడు చెషైర్. పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, వంట అంతా తానే. డైక్స్ పోయేలోపలే మరో ముసలామె వచ్చింది. అలా మొదలయింది.

తరువాత క్షయ పట్టి రెండేళ్ళకు పైగా ఆస్పత్రిలో ఉన్నాడు. లేచాక 1955లో మనదేశం వచ్చాడు. బొంబాయిలో ఇల్లు తెరిచాడు. 1959లో స్యూ రైడర్‌ను పెళ్ళాడింది కూడా ఆ ఊళ్ళోనే. ఇద్దరూ కలిసి డెహ్రాడూన్‌లో రఫాయెల్ పెట్టారు. ఆ వరుసలోదే మన కోయంబత్తూరు ఇల్లు.

1992 జూలై 31న ఆయన పోయాడు. కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుపడే జబ్బు. ఆయన ఇళ్ళల్లో చాలామందిని మంచాన వేసింది అలాంటి జబ్బులే.