టక్సీడో: ఒక అడవి, ఒక కోటు, ఒక గోల్ఫు మైదానం

పెండ్లివిందులలో నేటి వరులు తొడిగే నల్లని పొట్టికోటును టక్సీడో అంటున్నారు. పదాల పుట్టుక వెదకడం నాకు బడినాటినుంచీ ఉన్న జాడ్యం. ఈ మాటను వెదుకుతూ పోతే, న్యూయార్కు నగరానికి వాయవ్యంగా సుమారు 40 మైళ్ళలో, రామాపో కొండల అడవిలో ఉన్న టక్సీడో పార్కు అనే ఊరు తేలింది.

ఆ కొండలు లెనాపే అనే ఆదిమజాతివి. విలియం బ్రైట్ అనే భాషావేత్త ఈ పేరును వారి భాషలో ‘వంకర యేరు’ అనే అర్థమిచ్చే మాటతో ముడిపెట్టాడు. తోడేలన్నవారు, ఎలుగన్నవారు కూడా ఉన్నారు. నాకు యేరే సబబనిపిస్తుంది. మన వాగులు, మడుగులు, చెరువులు ఎన్ని ఊళ్ళ పేర్లలో ఉన్నాయో చదువరులు లెక్కించుకోవచ్చు.

పొగాకు వ్యాపారపు సిరికి వారసుడైన నాలుగవ పియెర్ లోరిలార్డు 1885లో ఈ అడవిని సంపన్నుల విడిదిగా మార్చ పూనుకున్నాడు. ఇటలీనుంచి, స్లావు దేశాలనుంచి వచ్చిన సుమారు 1800 మంది కూలీలు చలికాలమంతా శ్రమించి, బాటలు వేసి, ఇళ్ళూ క్లబ్బూ కట్టి 1886 మే నాటికి ఊరిని నిలబెట్టారు. చుట్టూ ముళ్ళకంచె, రాతిద్వారం, కాపలా. క్లబ్బు సభ్యులకే లోపల స్థలం. కట్టినవారి నివాసం ద్వారం వెలుపలి పల్లెలో!

ఆ అక్టోబరు నృత్యవిందుకు లోరిలార్డు కుమారుడు గ్రిస్వోల్డు తోకలేని కోటుతో వచ్చాడని నాటి పత్రిక రాసింది. నిజానికి అటువంటి కోటును ఇంగ్లండు యువరాజు అంతకు రెండు దశాబ్దాల మునుపే కుట్టించుకున్నాడు. కోటు అక్కడిది, పేరు ఇక్కడిది.

1889లో క్లబ్బు గోల్ఫు మైదానం వేసింది. యాంకర్సులో సెయింట్ ఆండ్రూస్ క్లబ్బు వెలసి అప్పటికి ఏడాదే. కొండ అడవిలో గోల్ఫంటే మాటలా? చెట్లు నరకాలి, రాళ్ళు పెకలించాలి, పచ్చిక పెంచాలి, పెంచినదాన్ని మళ్ళీ మళ్ళీ కత్తిరించాలి. ఇంతా ఒక చిన్నబంతి గుంటలో పడడానికి. 1894లో క్లబ్బుల నడుమ పోటీ కూడా అక్కడ జరిగింది. అమెరికాలో అటువంటి తొలి పోటీలలో అదొకటి.

మనుషులను ఆపిన క్లబ్బు రహదారిని ఆపలేకపోయింది. 1950లలో న్యూయార్కు త్రూవే పాత మైదానాన్ని మింగింది. క్లబ్బు రాబర్టు ట్రెంట్ జోన్సు చేత కొత్తది వేయించుకొంది. న్యూజెర్సీనుంచి ఆల్బనీ వైపు కారులో వెళ్ళే మన పిల్లలు ఆ పాత పచ్చిక నేలమీదుగానే సాగిపోతారు.

రామాపో లెనాపేలు నేటికీ ఆ కొండలలోనే ఉన్నారు. న్యూజెర్సీ రాష్ట్రం 1980లో వారిని ఒక జాతిగా గుర్తించింది. కేంద్ర ప్రభుత్వం మాత్రం 1990లలో నిరాకరించింది. తాము పూర్వపు జాతి సంతతివారమని వారు పత్రాలతో రుజువు చేయలేదన్నది చూపిన కారణాలలో ఒకటి.