స్థానిక ఆసుపత్రులు (ఇల్లందు ప్రాంతం)

ఇల్లందు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని గనుల పట్టణం. 1889లో ఇక్కడ బొగ్గు తవ్వకం మొదలైంది; సింగరేణి గనులకు పుట్టినిల్లు ఇదే. 2016 అక్టోబరు వరకు ఖమ్మం జిల్లాలో ఉండేది. చుట్టూ అడవి అంచు పల్లెల్లో కోయలు, లంబాడీలు ఎక్కువగా నివసిస్తారు.

అంచెల వ్యవస్థ: 1946 నాటి భోర్ కమిటీ నివేదిక గ్రామం నుంచి జిల్లా దాకా అంచెలంచెల వైద్యాన్ని సూచించింది. జాతీయ ప్రమాణాల ప్రకారం మైదానంలో 30,000 మందికి, గిరిజన ప్రాంతంలో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. గిరిజన ప్రాంతంలో ఉపకేంద్రం 3,000 మందికే ఒకటి.

చిన్న ఆసుపత్రి పాత్ర: పాము కాటు, మలేరియా జ్వరం, పురిటి నొప్పులు దూరప్రయాణానికి వ్యవధి ఇవ్వవు. విషానికి విరుగుడు మందు, రక్తపరీక్ష, సాధారణ కాన్పు, టీకాలు ఊరికి దగ్గరలోనే అందాలి. బీపీ, షుగర్ మందులు నెలనెలా తీసుకునేవారికీ చిన్న ఆసుపత్రే ఆధారం. రోగి భాష, ఇంటి పరిస్థితి తెలిసిన నర్సు, ఆశా కార్యకర్త ఇక్కడి అసలు బలం.

పెద్దాసుపత్రితో సంబంధం: క్లిష్టమైన శస్త్రచికిత్స, నవజాత శిశువుల ప్రత్యేక వైద్యం పెద్దాసుపత్రుల పని. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. రోగిని నిలకడ స్థితికి తెచ్చి, 108 వాహనంలో సకాలంలో పంపడం చిన్న ఆసుపత్రి బాధ్యత. తిరిగొచ్చాక కనిపెట్టుకోవడమూ దానిదే. ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు. దగ్గరి ఆసుపత్రి బలహీనపడితే పెద్దాసుపత్రి కిక్కిరిసిపోతుంది, అడవి పల్లె ప్రాణం దారిలోనే ప్రమాదంలో పడుతుంది.