హాస్యం నుండి శృంగారం: ‘మిస్సమ్మ’ పూర్వాపరాలు



నవ్వుకు కాలదోషం త్వరగా పడుతుంది. నిన్నటి ఛలోక్తి నేటికి చద్దివాసన వేస్తుంది. అయినప్పటికీ 1955 జనవరి 12న విడుదలైన విజయా వారి ‘మిస్సమ్మ’ నేటికీ నవ్విస్తూనే ఉన్నది. కారణమేమి?

ఇటువంటి కథలకు అమెరికాలో స్క్రూబాల్ కామెడీ అని పేరు. బేస్‌బాల్ ఆటలో ఊహించని దిక్కుకు వంపు తిరిగే బంతి పేరది. 1929 నాటి ఆర్థిక సంక్షోభం తరువాత ఈ ప్రక్రియ వర్ధిల్లింది. 1934లో ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’లో, ఇల్లు విడిచిన ధనికుల బిడ్డ, ఉద్యోగం పోయిన విలేఖరి దారిలో భార్యాభర్తలమని చెప్పి ఒకే గదిలో బస చేస్తారు. నడుమ గోడ ఒక దుప్పటి! సినిమాలపై నీతినియమావళి కఠినంగా అమలైనదీ ఆ ఏటి నుండే. తాకరాదన్నచోట మాటకు పదును పెరిగింది.

‘మిస్సమ్మ’ దీనికి అనుకరణ కాదు. దీని మూలం వంగదేశంలో ఉన్నది. రవీంద్రనాథ్ మైత్ర రచించిన ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ అనే హాస్యనాటకాన్ని గ్రహించి చక్రపాణి తెలుగు కథగా మలిచారు. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం, పింగళి పాటలు, సాలూరి రాజేశ్వరరావు సంగీతం దానికి ప్రాణం పోశాయి. మేరీ పాత్రకు మొదట ఎన్నికైనవారు భానుమతి. కొంత చిత్రీకరణ జరిగాక ఆ పాత్ర సావిత్రికి దక్కింది.

కథకు పునాది నిరుద్యోగం. అప్పాపురం బడికి పట్టభద్రులైన దంపతులు కావాలి. రావు హిందువు, మేరీ క్రైస్తవురాలు. ఇద్దరికీ పట్టాలున్నాయి గాని కొలువు లేదు. మేరీ తలపై డేవిడ్ వద్ద చేసిన అప్పు ఉన్నది. పొట్టకూటికై దాంపత్యాన్ని నటిస్తారు. ఉపాధ్యాయ వృత్తిలో జీవితం గడిపిన నాకు ఈ ఘట్టం నవ్వు కంటె ముందు జాలి గొలుపుతుంది. చదువు చెప్పే యోగ్యత చాలక అబద్ధం ఆడవలసి రావడం ఆ కాలానికే పరిమితమైన దుఃస్థితి కాదు.

శృంగారం నుండి హాస్యం జనిస్తుందని భరతుని మతం. ‘మిస్సమ్మ’ దానిని తిరగవేసింది. ఇక్కడ హాస్యం నుండి శృంగారం జనించింది. వికృత వేషభాషలతో పని లేదు. వేషం సక్రమమే, బంధమే అసత్యం. ఊరివారు వారిని ఆలుమగలుగా మన్నించే ప్రతి మర్యాదా మేరీకి ములుకై గుచ్చుకుంటుంది. రావు సీతతో చనువుగా ఉంటే ఆమెకు అసూయ కలుగుతుంది. భార్య కాని స్త్రీకి ఆ అసూయపై హక్కేమిటి? సావిత్రి కనుబొమల ముడిలో ఆ ప్రశ్న కనిపిస్తుంది.

అయితే ఒక లోటు చెప్పక తప్పదు. మేరీ గోపాలంగారి తప్పిపోయిన బిడ్డ మహాలక్ష్మి అని తేలడంతో మతభేదమనే చిక్కు విడిపోతుంది. మనసులు తేల్చిన దానిని పుట్టుక ఆమోదించవలసి వచ్చింది. 1955 నాటి సమాజం అంతవరకే నవ్వగలిగింది కాబోలు. నేటి ప్రేక్షకుడు ఆ ముగింపు వద్ద ఒక క్షణం ఆగి, మేరీ మేరీగానే ఉండిపోతే ఏమయ్యేదని ఆలోచించుకోవాలి. జవాబు సులువుగా దొరకనంత కాలం ఈ చిత్రం పాతబడదు.