అమలు - మామూలు

కచేరీలో ఉత్తరువు అమలు జరుగవలెను. దానిని అమలు జరుపుటకు ఉద్యోగి మామూలు కోరును. ఈ రెండు మాటలును అరబ్బీభాషలోని ఒక్క ధాతువునుండియే పుట్టినవని మనము సాధారణముగా తలంపము.

అరబ్బీ ధాతువులలో అధికభాగము మూడేసి హల్లులు గలవి. వాని నడుమ అచ్చులు మారుటచేతను, ముందువెనుకల అక్షరములు చేరుటచేతను వేర్వేరు పదము లేర్పడును. ఐను, మీము, లాము అను హల్లులు గల ధాతువునకు 'చేయుట' అని యర్థము. దీనినుండి పుట్టిన అమల్ అనగా పని. ఆమిల్ అనగా చేయువాడు. మామూల్ అనగా చేయబడినది. ముఆమలా అనగా ఇచ్చిపుచ్చుకొను వ్యవహారము. ఇస్తిమాల్ అనగా వినియోగము. మామల్ అనగా కార్ఖానా. ఎనిమిదవ శతాబ్దిలో అరబ్బీకి తొలి నిఘంటువును కూర్ప దలపెట్టిన బస్రా పండితుడు ఖలీల్ ఇబ్న్ అహ్మద్, కంఠమున మిక్కిలి లోతున పుట్టునదని యెంచి, ఐను అక్షరముతోనే గ్రంథమును ఆరంభించెను. ఆ ధ్వని తెలుగున లేదు. కనుక మన నోట అది వట్టి అకారమైనది.

వ్యాకరణమునందును ఈ జంట కలదు. ఒక పదము మరియొక పదము విభక్తిని నిర్ణయించినచో, నిర్ణయించునది ఆమిల్. దానికి లోబడునది మామూల్. పదునొకండవ శతాబ్దిలో అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ ఇట్టి నూరు ఆమిల్‌లను గూర్చి వ్రాసిన చిన్న పుస్తకము మదరసాలలో తరతరములు పాఠ్యగ్రంథముగా నుండెను.

రాజ్యతంత్రమున ఆమిల్ పన్ను రాబట్టు అధికారి. తొలి ఖలీఫాలనాటి ఈ పేరు పారసీకముద్వారా మొగలుల పరిపాలనలోనికి వచ్చెను. మైసూరులో హైదరు, టిప్పుల కాలమున అతడు అమల్దారు. 1792, 1799 సంవత్సరములలో మైసూరునుండి నిజామునకును, 1800లో నిజామునుండి కుంఫిణీకిని సంక్రమించిన దత్తమండలములకు ఈ యుద్యోగి క్రొత్తవాడు కాడు.

మామూలు కథ వేరు. చేయబడినది అను మాటకు పారసీకమున 'వాడుకగా చేయబడునది', అనగా ఆచారము, అని యర్థమేర్పడెను. మనదేశమున అది ఆచారముగా ఇయ్యవలసిన సొమ్మైనది, కడపట లంచమైనది. కోరువాడు లంచమని యనడు, మామూలే యనును. ఇచ్చువానికి కాదనుటకు ఆ మాట యెడమీయదు.

కచేరీలలోని ఇట్టి అన్యదేశ్యములను సమకూర్చి సి. పి. బ్రౌను 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించెను. మరుసటియేడు చెన్నపట్నమున ఒక విచారణసంఘము తన నివేదికను సమర్పించెను. శిస్తు వసూలుకును, ఉద్యోగుల స్వంత లాభమునకును రైతులను హింసించుట రాజధానిలో వాడుకయై యున్నదని అందు తేలినది. తాళలేని యెండలో నిలుపుట, వంచి కట్టివేయుట అట్టి హింసలలోనివి. రైతు పాలిట మామూలు అనగా అదియును.

నేటి అరబ్బీలో ఆమిల్ అనగా కూలిపని చేయు శ్రామికుడు. దమస్కసు, బేరూతు నగరములలో మామూల్ అనగా ఖర్జూరము నించి పండుగలకు చేయు తీపిపిండివంట. ఒక దేశమున శ్రామికుడైనవాడు మరియొక కాలమున శిస్తు వసూలుదారు. ఒకచోట పండుగ వంటయైనది మనయొద్ద లంచము. ధాతువున దోషము లేదు. చేయబడినదెల్ల చేయదగినదని అది చెప్పుట లేదు. ఆ యర్థమును చేర్చినది వాడుక. ఆ వాడుక మనది. దానిని మాన్పుటయు మన పనియే.