ఉక్కు కడుపులోని కథ

మేము రైల్వే గుమాస్తాలము. పట్టాల లెక్కలు వ్రాయుటయేగాని ఉక్కు లోగుట్టు చాలకాలము ఎఱుగము. తెలిసికొన్నంతలో ఈ ఉగాదినాడు పాఠకులకు మనవి చేయుచున్నాము.

నిజామాబాదు జిల్లాలో కోనసముద్రమను గ్రామము కలదు. పూర్వము అచ్చటి కమ్మరులు మట్టిమూసలలో ఇనుము నుంచి, మూతి మూసి, కొలిమిలో రాత్రింబగళ్లు కాచి ఉక్కుముద్దలు తీసెడివారు. వాటిని పారశీక వర్తకులు వచ్చి కొనిపోయెడివారు. ఆ కొలుములను కన్నులార చూచిన డాక్టరు వాయ్సీ వ్రాసిన వర్ణన, ఆయన మరణించిన పిదప 1832లో అచ్చయినది. ఆంగ్లేయులు ఈ జాతి ఉక్కును 'వూట్జ్' అనిరి. మన 'ఉక్కు' అను మాటయే అట్లు మారినదని పలువురి అభిప్రాయము. ఇచ్చటి కన్నడ సోదరుల మాటయు అదియే గదా!

కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే 1819లో ఈ ఉక్కును పరీక్షించి, దాని గొప్పతనమునకు అల్యూమినా, సిలికా కారణమనుకొని పొరబడెను. అసలు కీలకము కర్బనము. 1863-64లో షెఫీల్డు వాసి హెన్రీ క్లిఫ్టన్ సార్బీ ఉక్కుముక్కను నునుపుచేసి, ఆమ్లముతో కడిగి, సూక్ష్మదర్శినిలో చూచెను. అప్పుడు ఉక్కు కడుపులోని అల్లిక కంటబడినది.

ఉక్కును సుమారు 727 డిగ్రీల సెంటిగ్రేడు దాటించి కాల్చినచో ఇనుప పరమాణువుల పొందిక మారి, కర్బనము నీటిలో చక్కెరవలె అందులో కరగును. మెల్లగా చల్లారనిచ్చినచో మెత్తని ఇనుము, గట్టి కార్బైడు పొరలుపొరలుగా ఏర్పడును. ముత్యపుచిప్ప వన్నె కలుగుటచే దీనిని 'పెర్లైటు' అనిరి. మన రైలుపట్టాలలో ముఖ్యముగా నుండునది ఇదియే. ఎఱ్ఱగా నున్నప్పుడే నీట ముంచినచో కర్బనమునకు విడివడు వ్యవధి చాలదు, లోపలనే చిక్కుకొనును. అది 'మార్టెన్సైటు', మిక్కిలి గట్టిది, కాని పెళుసు. మరల కొంచెము కాచినచో పెళుసు తగ్గి పనికివచ్చును. మన కమ్మరి 'పదును' చూచుకొనుట యనగా ఇదియే.

వూట్జ్ కత్తిపై కనబడు అలల మర్మమును వెర్హోవెన్, పెండ్రే యను అమెరికనులు 1998లో వివరించిరి. వెనేడియము వంటి లోహములు లేశమాత్రముండగా, మాటిమాటికి కాచి సాగగొట్టినచో కార్బైడు బారులు తీరునట.

కోనసముద్రపు కమ్మరికి డిగ్రీలు తెలియవు. నిప్పు రంగు తెలియును. కాని ఆ తెలివి కాగితమెక్కలేదు. కొలుములు చల్లారగా అదియు చాలవరకు చల్లారినది. పరాయి పేర్లు పుస్తకములలో నిలిచినవి. మనకు 'ఉక్కు' అను మాట మిగిలినది. మన ఇండ్లలో పనులెఱిగిన పెద్దలు ఇంకను కలరు. వారి పనులను, పనిముట్ల పేర్లను ఈ సంవత్సరమైనను వ్రాసి యుంచుకొందము.