లావాదేవీకి రెండు వైపులు: జంటపద్దు నడిచి వచ్చిన దారి

1299లో, నేటి దక్షిణ ఫ్రాన్సులోని సలోన్ అనే ఊళ్లో, ఫ్లోరెన్సుకు చెందిన జొవాన్ని ఫరోల్ఫీ వర్తక సంస్థ శాఖ ఒకటి నడుస్తుండేది. అక్కడ లెక్కలు రాసినవాడు అమతీనో మనూచ్చి. తాము ఉంటున్న ఇంటికి ఆ సంస్థ నాలుగేళ్ల అద్దె, 16 లీవ్రలు, ముందే కట్టేసింది. ఏడాది లెక్క తేల్చేటప్పుడు మనూచ్చి అందులో 4 లీవ్రలు మాత్రమే ఖర్చు కింద రాసి, తక్కిన 12ను రాబోయే సంవత్సరాలకు నిలిపి ఉంచాడు. డబ్బు పెట్టెలోంచి వెళ్లిపోయింది కదా, అంతా ఖర్చేనని చేతులు దులుపుకోలేదు. ఇంకా మూడేళ్లు ఆ ఇంట్లో ఉండే హక్కు సంస్థకు ఉంది, ఆ హక్కుకు విలువ ఉంది. మన కామర్స్ విద్యార్థులు సర్దుబాట్లలో ‘ముందుగా చెల్లించిన ఖర్చులు’ అని చేసే లెక్క ఇదే. ప్రతి లావాదేవీనీ రెండు వైపులా, ఒక ఖాతాకు డెబిట్‌గా మరో ఖాతాకు క్రెడిట్‌గా, రాసే పద్ధతే జంటపద్దు. నేటికి మిగిలి ఉన్న జంటపద్దు పుస్తకాల్లో అత్యంత పాతవాటిలో మనూచ్చి రాసిన పుస్తకం ఒకటి. డబ్బు కదలడం వేరు, ఖర్చు కావడం వేరు అన్న ఎరుక ఈ పద్దులో ఉన్నంత స్పష్టంగా నాకు మరెక్కడా కనిపించలేదు.

ఆ ఎరుక ఒక్కరోజులో రాలేదు. క్రీ.పూ. 3200 ప్రాంతానికి చెందిన ఉరుక్ నగరపు మట్టి పలకల్లో ఎక్కువ భాగం లెక్కలే: ఇంత బార్లీ, ఇన్ని గొర్రెలు, ఇంత బీరు. రాత పుట్టిందే లెక్కల కోసమని చెప్పడానికి అవే ఆధారం. కౌటిల్యుని అర్థశాస్త్రం లెక్కల కార్యాలయానికి ‘అక్షపటలం’ అని పేరు పెట్టి, ఆషాఢ మాసంలో లెక్కలు ఒప్పజెప్పాలని నిర్దేశించింది. సర్కారు సొమ్ము కాజేసే మార్గాలు నలభై అని ఏకరువు పెట్టింది. మన ఊళ్ల కరణాలు రాసిన శిస్తు, వసూలు, బకాయి లెక్కలదీ ఇదే కోవ. ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎవడు ఎగ్గొట్టాడు అన్నవే పాలకుడి ప్రశ్నలు. వాటికి ఒంటిపద్దు చాలు.

వర్తకుడికి చాలదు. అతని సరుకు సగం దారిలో ఉంటుంది, సొమ్ము సగం అప్పులో ఉంటుంది, లాభంలో భాగస్థులకు వాటా ఉంటుంది. అందుకే ఇటలీ రేవుల్లో, బ్యాంకుల్లో కొత్త పద్ధతి రూపుదిద్దుకుంది. జెనోవా నగర పాలకుల 1340 నాటి పుస్తకంలో మిరియాలకు ఒక ఖాతా ఉంది. మన మలబారు తీరం నుంచి చేతులు మారి మారి అక్కడికి చేరే సరుకది. నగరం ఆ మిరియాలను అరువుకు కొన్నది, కొన్న ధరకన్నా తక్కువకు అమ్మింది. కొన్నప్పుడు మిరియాల ఖాతాకు డెబిట్, అరువిచ్చిన వర్తకుల ఖాతాలకు క్రెడిట్. అమ్మినప్పుడు మిరియాల ఖాతాకు క్రెడిట్. సరుకంతా పోయాక కూడా ఆ ఖాతాలో డెబిట్ మిగిలింది. అదే నష్టం. నష్టమెంతో ఎవరూ విడిగా లెక్కకట్టనక్కర్లేదు, ఖాతాయే చెప్పింది. వస్తువుకూ మనిషికిలాగే ఒక ఖాతా తెరవవచ్చన్న ఆలోచన సాధించిన పని ఇది.

మన వర్తకుల సంప్రదాయ లెక్కల పద్ధతి బహీఖాతా ఇటలీ పద్ధతికన్నా ముందుదని 1986లో లాల్ నిగమ్ అనే పండితుడు ఒక వ్యాసంలో వాదించారు. మరుసటి ఏడే క్రిస్టఫర్ నోబ్స్ ఆధారాలు చూపమని ఎదురు ప్రశ్న వేశారు. నా మటుకు నాకు నోబ్స్ పక్షమే సబబు. మన చిట్టా ఆవర్జాల సంప్రదాయం గట్టిదే. కానీ ప్రాచీనతను నిరూపించాల్సింది తేదీ ఉన్న పుస్తకమే, అభిమానం కాదు.

1494లో వెనిస్‌లో లూకా పచోలీ అచ్చువేయించిన గణిత గ్రంథంలో ఒక భాగం జమాఖర్చులది. ఈ ఫ్రాన్సిస్కన్ సన్యాసిని జంటపద్దు పితామహుడంటారు గానీ, ఆయన కనిపెట్టలేదు. వెనిస్ వర్తకులు అప్పటికే చేస్తున్నదాన్ని నేర్పగలిగేలా రాశాడు. ముందు ఆస్తుల జాబితా రాసుకోవాలి. తర్వాత మూడు పుస్తకాలు: జరిగింది జరిగినట్టు రాసుకునే దినవహి, దాన్ని డెబిట్ క్రెడిట్లుగా విడదీసే చిట్టా, ఖాతాలవారీగా చేర్చే ఆవర్జా. ఈ వరుసలో మొదటిదే నాకు ముఖ్యం. ఏం జరిగిందో తేటగా తెలియకపోతే తర్వాతి రెండూ వట్టి అలంకారం.

డెబిట్ క్రెడిట్లుగా విడదీసే పనినే మనం సూత్రాలుగా వల్లె వేయిస్తాం: పుచ్చుకొనేవారికి డెబిట్, ఇచ్చేవారికి క్రెడిట్, వచ్చేదానికి డెబిట్, పోయేదానికి క్రెడిట్, ఖర్చులకు డెబిట్, ఆదాయాలకు క్రెడిట్. సూత్రాలు తప్పు కాదు, కానీ అవే చాలవు. కిరాణా కొట్టు యజమాని తన కొట్లోంచే బియ్యం బస్తా ఇంటికి పంపాడనుకుందాం. సొమ్ము తనదే, సరుకూ తనదే, ఇందులో లావాదేవీ ఏముందని విద్యార్థి తికమక పడతాడు. కొట్టు వేరు, యజమాని వేరు అని తెలిస్తేనే అది సొంతవాడకమని, అతని పెట్టుబడి ఆ మేరకు తగ్గిందని అర్థమవుతుంది. పెట్టుబడి క్రెడిట్ వైపు ఎందుకుంటుందో కూడా అక్కడే తేలుతుంది. అది కొట్టు యజమానికి బాకీ ఉన్న మొత్తం.

యజమాని కొట్టుకు దూరమయ్యేకొద్దీ ఈ తేడాకు విలువ పెరిగింది. 1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టిన ఈస్టిండియా కంపెనీలో వాటాదారులు లండన్‌లో ఉండేవారు. అంత దూరాన ఉన్న సొమ్ముకు పుస్తకాలే సాక్ష్యం. వాటాల కంపెనీలు పెరిగాక బ్రిటన్ 1844 చట్టంతో ఆస్తి అప్పుల పట్టీనీ ఆడిటునూ కోరింది. మన దేశంలో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1949 జులై 1న ఏర్పడింది. కంపెనీలన్నీ జంటపద్దులోనే లెక్కలు రాయాలని 1988 సవరణ తప్పనిసరి చేసింది.

ఇంత కట్టుదిట్టం చేసినా జంటపద్దుకు ఒక పరిమితి ఉంది. 2009 జనవరి 7న హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ దాన్ని అందరికీ చూపించింది. పుస్తకాల్లోని నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఆ లేఖే ఒప్పుకుంది. అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) రెండు వైపులా సరిపోయే ఉంటుంది, ఎందుకంటే లేని ఆదాయానికి లేని నిల్వను జతచేస్తే మొత్తాలు కలుస్తాయి. కూడికలోని పొరపాటును జంటపద్దు పట్టిస్తుంది. జరగని లావాదేవీని పట్టించలేదు.

ఇప్పుడు కూడికలన్నీ ట్యాలీ సాఫ్ట్‌వేరే చేసిపెడుతోంది. మనిషికి మిగిలిన పని జరిగిందేమిటో తెలుసుకోవడమే. అందుకే కామర్స్ అధ్యాపకులకు నాదొక మనవి. సూత్రాలు వల్లె వేయించే ముందు పిల్లల చేతికి ఒక అసలు బిల్లు, ఒక బ్యాంకు స్టేట్‌మెంటు ఇవ్వండి. ఏం వచ్చింది, ఏం పోయింది, ఎవరు ఎవరికి బాకీ పడ్డారు అని అడగండి. డెబిట్, క్రెడిట్ అన్న మాటలు రెండోవారం చెప్పినా ఆలస్యమేమీ కాదు.