విషాద సారంగధర

విషాద సారంగధర: ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) రచించిన తెలుగు పద్య నాటకం. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా సాహిత్య చరిత్రకారులు దీన్ని పేర్కొంటారు.

రచయిత స్వస్థలం ధర్మవరం. బళ్ళారి జిల్లా నుంచి 1882లో విడిపోయి ఏర్పడిన అనంతపురం జిల్లాలో ఈ ఊరు చేరింది. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. బళ్ళారిలో న్యాయవాదిగా పనిచేసిన ఆయన, అక్కడ సరస వినోదినీ సభను స్థాపించి తన నాటకాలను ప్రదర్శింపజేశారు.

ఇతివృత్తం జానపద ప్రసిద్ధమైనది. పావురం కోసం సవతి తల్లి చిత్రాంగి మందిరానికి వెళ్ళిన రాకుమారుడు సారంగధరుడు ఆమె కోరికను తిరస్కరిస్తాడు. ఆమె నింద మోపుతుంది. రాజరాజ నరేంద్రుడు నిజానిజాలు విచారించకుండానే కొడుకు కాళ్ళూచేతులూ నరికిస్తాడు.

సంప్రదాయ కథలో సిద్ధుని మహిమతో అవయవాలు తిరిగి వస్తాయి. నాటకం ఆ శుభాంతాన్ని వదిలి, సంస్కృత నాటక మర్యాదకు భిన్నంగా విషాదంతో ముగుస్తుంది. అద్భుతం లేకపోవడంతో రాజు తప్పు దిద్దుకోలేనిదవుతుంది. తండ్రీ న్యాయాధిపతీ ఒక్కరే కావడం వల్ల అది ఇంటి దోషంగా ఆగక రాజధర్మ భంగం అవుతుంది. నింద చిత్రాంగిదే అయినా, శిక్షకు బాధ్యత సింహాసనానిదే.

చరిత్రలోని రాజరాజ నరేంద్రుడు 11వ శతాబ్దపు తూర్పు చాళుక్య రాజు, నన్నయకు పోషకుడు. ఆయనకు ఈ కథను అంటగట్టడానికి శాసనాధారం లేదు.

ఆంధ్ర నాటక పితామహుడిగా పేరొందిన రామకృష్ణమాచార్యులు 1912లో మరణించారు. తాడిపత్రిలో 1880లో జన్మించిన నటుడు బళ్ళారి రాఘవ ఆయన మేనల్లుడు.